అనుకోకుండా దొరికిన నీటి ఒడ్డున రాత్రి బండి ఆపడం: సరేనా, కాదా?

మూడోమలుపు (జయపురం)

కార్తీకం ఆఖరి శనివారం జరిగిన సంగతి చెప్పి మీ మాట అడుగుదామని రాస్తున్నాను. మా ఇంట్లో దీని మీద రెండు పక్షాలు ఏర్పడిపోయాయి.

నిరుడు పాత టెంపో ట్రావెలర్ ఒకటి కొని, సీట్లు తీయించి, రెండు బల్లమంచాలు, చిన్న వంటగట్టు, నీళ్ళ ట్యాంకు పెట్టించాం. విదేశాల్లో ఆర్‌వీ అనేది, మన దగ్గర కారవాన్ అనేది ఇదే. ఆ శనివారం నేను, మా ఆవిడ, అమ్మ, పిల్లలిద్దరు అరకు బయల్దేరాం. అక్కడ గది ముందే చెప్పి ఉంచాం. సునాబేడ దాటగానే వెనక చక్రం పంక్చరు. చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. అవన్నీ చేయించుకుని సెమిలిగూడలో టీ తాగేసరికి నాలుగు దాటింది. ఈ రోజుల్లో ఇక్కడ ఐదుంబావుకే పొద్దు వాలిపోతుంది. ఇంకా నందపురం దాటాలి, పాడువా దాటాలి, ఆ మలుపులన్నీ మంచులో తిరగాలి. అమ్మ ఒకే మాట అంది: "చీకట్లో ఘాటురోడ్డు వద్దురా."

నందపురం రోడ్డు మీద వెళ్తుంటే ఒకచోట చెట్ల సందులోంచి కొలాబ్ జలాశయం నీళ్ళు తళుక్కుమన్నాయి. ఆ పక్కనే కిందికి దిగే మట్టిదారి. అటూ ఇటూ వలిసె చేలు, సగం కోసినవి, సగం ఇంకా పచ్చగా పూసి ఉన్నవి. దిగాం. నీటికి ఇరవై అడుగుల దూరంలో చదునుగా, ఎవరో మనకోసమే చేసిపెట్టినట్టున్న జాగాలో బండి ఆపేశాను. ఒడ్డున ఒక పెద్దాయన నీలం నైలాను వల విదిలించి చిక్కులు తీసుకుంటున్నాడు. అమ్మకి ఇక్కడి ఊళ్ళవాళ్ళు మాట్లాడే దేశియా భాష వచ్చు. వెళ్ళి అడిగింది. ఆయన బండి వంక చూసి, నీళ్ళ వంక చూసి, తల అడ్డంగా ఊపి, పైనున్న మామిడి చెట్టు వైపు చెయ్యి చూపించాడు. అక్కడ పెట్టుకోండి, ఇక్కడ వద్దు అని. ఎందుకని మేం అడగలేదు. పైకెక్కించాం.

ఆ రాత్రి గురించి ఎంత రాసినా తక్కువే. ఎక్కడో కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైను మీద గూడ్సు కూత వేస్తే ఆ కూత నీళ్ళ మీదుగా వచ్చి కొండకి తగిలి మళ్ళీ వినిపించింది. పిల్లలు ఫోన్ అడగలేదు. అసలు సిగ్నలే లేదు. తెల్లవారి తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళే కనబడలేదు. అంతా తెల్లటి మంచు. అందులోంచి తెడ్డు చప్పుడు మాత్రం వస్తోంది.

అమ్మ ఏమంటుందంటే, ఇన్నేళ్ళలో ఇంత బాగా నిద్రపట్టిన రాత్రి లేదని. మా ఆవిడ అనేది: "బాగా జరిగింది కాబట్టి బాగుంది. జరగకపోయుంటే ఏం చేసేవాళ్ళం?" నా వరకు, కారవాన్‌లో ఒక రాత్రయినా ముందు అనుకోకుండా వదిలేయాలి, ఊరివాళ్ళని అడిగి ఆగితే అందులో తప్పేమీ లేదు అనిపిస్తోంది. మీరేమంటారు?

గంజాం_గాలి (బరంపురం)

అన్నా, చదువుతుంటేనే బయల్దేరిపోవాలనిపించింది. వచ్చే శని ఆదివారాలు మేం మూడు బళ్ళలో దేవమాలి వెళ్తున్నాం. ఆ చోటు పిన్ పెట్టగలరా?

మూడోమలుపు

తమ్ముడూ, ఏమీ అనుకోవద్దు, పిన్ పెట్టను. ఆయన మామిడి చెట్టు చూపించింది మా ఒక్క బండికి.

ఏటిగట్టు (రిటైర్డ్, విజయనగరం)

చిత్రకొండ, జోలాపుట్ వైపు పాతికేళ్ళు పనిచేసినవాణ్ణి. అందం గురించి నాకు తగాదా లేదు. నీళ్ళ సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే "లేక్ సైడ్" అని అందరూ ఒకే మాట కింద కట్టేస్తున్నది నిజానికి రెండు వేర్వేరు చోట్లు.

ఒకటి ఆనకట్టకి పైన ఉన్న జలాశయం. రెండోది ఆనకట్టకి కింద ఉన్న నది. రెండో చోట రాత్రి పడుకోవడం అనేది ఏ కాలంలోనూ, ఎవరు చెప్పినా, చెయ్యకూడని పని. మన మాచ్‌ఖండ్‌నే చూడండి. ఆంధ్రా, ఒడిశా ఇద్దరి ఉమ్మడి ప్రాజెక్టు, 1955 నుంచి కరెంటు ఇస్తోంది. జోలాపుట్‌లో నిలవచేసిన నీళ్ళు డుడుమ దగ్గర మళ్ళించి, ఒనకఢిల్లీ పవర్‌హౌసులో తిప్పి వదిలితే, అవే కిందికెళ్ళి సీలేరు అనే పేరుతో బలిమెల జలాశయానికి చేరతాయి. మర తిరిగితే నీళ్ళొస్తాయి, ఆగితే ఆగిపోతాయి. కరెంటు వాడకం పెరిగేది సాయంత్రం. అంటే మధ్యాహ్నం ఇసుక తిన్నెగా కనబడిన చోటు దీపాలు పెట్టే వేళకి నడుంలోతు ప్రవాహం కావచ్చు, పైన ఒక్క చినుకు పడకపోయినా. 2014 జూన్‌లో హిమాచల్‌లో బియాస్ నదిలో మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయింది ఇలాగే, పైనున్న లార్జి ఆనకట్ట నుంచి వదిలిన నీటిలో. ఫోటో కోసం రాళ్ళ మీదకి వెళ్ళిన పిల్లలు వాళ్ళు. ఇప్పటికీ ఆ వార్త తలుచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇక జలాశయం పైన. కార్తీకంలో నీళ్ళు నిండుగా ఉండి మెల్లగా దిగడం మొదలవుతుంది కాబట్టి మీకు ఆ రాత్రి ముంపు భయం పెద్దగా లేదు. ఆషాఢం నుంచి భాద్రపదం దాకా అలా కాదు. మీ నెత్తిన చుక్కలు కనబడుతూనే ఉంటాయి, ఎగువన కొండల్లో కురిసిన వాన తెల్లారేలోగా వచ్చి చేరుతుంది. వాలు తక్కువున్న ఒడ్డున నీరు ఒక్క అడుగు పెరిగినా నేల మీద ముప్పై నలభై అడుగులు ముందుకి పాకుతుంది. ఒడ్డున ఎండుగడ్డి, పుల్లలు, నాచు కలిసి ఒక గీతలా పడి ఉంటాయి, చూసే ఉంటారు. నీళ్ళు ఈమధ్య అక్కడిదాకా వచ్చి వెళ్ళాయని దాని అర్థం. ఆ గీతకి బాగా పైన తప్ప ఆగకండి. పొదల ఆకుల మీద ఎండిన బురద ఉన్నా అదే గుర్తు.

వేసవిలో ఇంకో ప్రమాదం. నీళ్ళు దిగిపోయాక బయటపడిన నేల పైకి పెంకులా ఎండి, పగుళ్ళిచ్చి, గట్టిగా కనిపిస్తుంది. కింద జానెడు లోతున పేడముద్దలాంటి ఒండ్రు. మా జీపు ఒకటి అలాగే దిగబడితే రెండు జతల ఎడ్లు కట్టి, రాత్రి పదకొండు దాకా లాగించాం. జీపు కాబట్టి లేచింది. మీ టెంపోలో మంచాలు, నీళ్ళు, మనుషులు కలిపితే మూడు టన్నుల పైమాటే.

సాలూరు_ఆడపడుచు

మూడోమలుపు గారూ, మీ ఆవిడ పక్షం నాది. మీరు రాసినదాంట్లో ఆవిడకి రెండు వాక్యాలే దక్కాయి. అందుకే ఆవిడ తరఫున నేను నాలుగు మాటలు చెప్తాను.

మేమూ అద్దె కారవాన్‌లో వెళ్ళాం, రెండుసార్లు. మగవాళ్ళకి అనుకోని చోట ఆగడం అంటే ఆకాశం, చుక్కలు. నాకు ముందుగా వచ్చే ఆలోచన, రాత్రి రెండింటికి పాప లేస్తే ఎక్కడికి తీసుకెళ్ళాలి అని. బండిలో క్యాసెట్ టాయిలెట్ ఉంటే అది నిండితే ఎక్కడ పారబోయాలి అని. ఒకవేళ నలుగురు బళ్ళ మీద వచ్చి తలుపు కొడితే ఏ భాషలో మాట్లాడాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, సిగ్నలే లేనప్పుడు అని. మీ అమ్మగారికి దేశియా రావడం ఆ రాత్రి మీ బండికున్న అసలు తాళం. ఆవిడ లేకుండా మీరొక్కరే దిగి అడిగుంటే ఆ పెద్దాయన ఏమనుకునేవాడో.

నేను వద్దనడం లేదు. చీకటి పడేలోగా చేరాలి. ఊరు కనుచూపులో ఉండాలి. బండి ముందు భాగం బయటికెళ్ళే దారివైపే తిప్పి ఉంచాలి. సిగ్నల్ ఉన్న చివరి చోటు నుంచి ఎవరికో ఒకరికి "ఇక్కడ దిగుతున్నాం" అని మెసేజ్ వెళ్ళాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా రోడ్డెక్కి వెనక్కే రావాలి. ఆ మాట అనే అధికారం బండిలో ఉన్న ప్రతి ఒక్కరికీ ఉండాలి, స్టీరింగు పట్టుకున్నవాళ్ళకి మాత్రమే కాదు.

గంజాం_గాలి

మా గంజాంలో ఇంత తర్జనభర్జన అక్కర్లేదు మేడం. చిలికా ఒడ్డున రంభలో, పక్కనే ఖుర్దా జిల్లా బర్కూల్‌లో ఒడిశా టూరిజం వాళ్ళ పాంథనివాస్‌లు ఉన్నాయి. గేటు దగ్గర మాట్లాడుకుంటే లోపల బండి పెట్టుకోనిస్తారేమో అడగొచ్చు, లేకపోతే గది తీసుకోవచ్చు. ఛత్రపురం దగ్గర తంపరా చెరువు హైవేకి పక్కనే. మంచినీటి సరస్సు, ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలోకి ఎక్కిందని 2022లో ప్రకటించారు. చిలికా అయితే 1981 నుంచే ఉంది.

కానీ నాకు ఒక మాట మింగుడు పడటం లేదు. చెరువులు, జలాశయాలు అందరివీ. మన పెద్దవాళ్ళు కార్తీకమాసంలో ఉసిరి చెట్టు చూసుకుని, నీళ్ళ పక్కన చాపలు పరుచుకుని వనభోజనాలు చేసేవాళ్ళు. ఎవరి పర్మిషన్ అడిగారు? ఇప్పుడు బండిలో మంచం ఉన్నంత మాత్రాన అదే పని తప్పయిపోతుందా?

చోడిఅంబలి (పొట్టంగి దగ్గర, ఉపాధ్యాయుడు)

తమ్ముడూ, వనభోజనాల మాట ఎత్తావు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మన పెద్దవాళ్ళు వెళ్ళింది తమ ఊరి తోటకి, తమ ఊరి చెరువుకి. చెట్టు ఎవరిదో తెలుసు, చెరువు ఏ వీధివాళ్ళు వాడతారో తెలుసు, సాయంత్రానికి ఇంటికొచ్చేసేవాళ్ళు. పర్మిషన్ అడగలేదంటే అడగాల్సినవాళ్ళు పక్క చాప మీదే కూర్చుని ఉన్నారు కాబట్టి.

కొలాబ్ ఒడ్డు అలాంటిది కాదు. ఆ నీళ్ళ కింద ఊళ్ళున్నాయి. పొలాలున్నాయి. నా బడిలో చదివే పిల్లల తాతలు కొందరు ఆ పొలాలు దున్నినవాళ్ళు. వేసవిలో నీళ్ళు దిగినప్పుడు ఒక ముసలాయన నన్ను ఒడ్డుకి తీసుకెళ్ళి, బయటపడిన నేల మీద రాళ్ళ వరసొకటి చూపించి "ఇది మా గట్టు" అన్నాడు. పొలం గట్టు. నలభై ఏళ్ళ నాటి గట్టు, ఇంకా వంకర తిరగకుండా ఉంది. కొన్నిచోట్ల నీళ్ళు దిగిన ఆ కొద్ది నెలల్లోనే మళ్ళీ అందులో ఏదో ఒకటి చల్లుకుంటారు. మాచ్‌ఖండ్ కోసం, బలిమెల కోసం లేచిపోయిన ఊళ్ళదీ ఇదే కథ. బలిమెల నీళ్ళు చుట్టుముట్టి నూట యాభైకి పైగా ఊళ్ళని రోడ్డుకి దూరం చేసేశాయి. 2018లో గురుప్రియ వంతెన తెరిచేదాకా వాళ్ళు ఆసుపత్రికి పోవాలన్నా లాంచీ కోసం కాచుకుని కూర్చోవాల్సిందే. ఇలాంటి ఒడ్డుని చూసి "ఖాళీగా ఉంది, ఆగుదాం" అనుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం. అది ఖాళీ కాదు.

రెండోది, అడిగాం కదా అంటారు. ఇక్కడి గిరిజనులు, పరజావాళ్ళు, గదబవాళ్ళు, ఇంటి ముందుకొచ్చినవాణ్ణి పొమ్మనరు. చోడి (రాగి) అంబలి ఒక గిన్నెడు ఉంటే అందులో సగం పోస్తారు. నాకు పోశారు, నా పేరు కూడా అందుకే ఇలా పెట్టుకున్నాను. వాళ్ళు తల ఊపడం మర్యాద. దాన్ని ఒప్పుకోలు అని మనం రాసేసుకుంటున్నాం. ఒకరిని అడిగితే ఊరిని అడిగినట్టు కాదు. కొరాపుట్ జిల్లా మొత్తం రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద ఉన్న గిరిజన ప్రాంతం. 1996 పెసా చట్టం, అంటే ఇలాంటి షెడ్యూలు ప్రాంతాల పంచాయతీల చట్టం, ఊరి ఉమ్మడి వనరుల మీద గ్రామసభ మాటకి బలం ఇచ్చింది. ఒక్క రాత్రి బండి ఆపడానికి గ్రామసభ పెట్టమని నేననడం లేదు. కానీ ఆ ఒడ్డు మీద మాట చెప్పాల్సినవాళ్ళు ఉన్నారని మర్చిపోవద్దు అంటున్నాను.

మూడోది. మూడోమలుపు గారూ, ఆ పెద్దాయన మిమ్మల్ని మొదటి జాగా నుంచి ఎందుకు లేపాడో మీరు అడగలేదని రాశారు. నేను చెప్పనా? నీళ్ళకి ఇరవై అడుగుల్లో, చదునుగా, రాయీ ముల్లూ లేకుండా, ఎవరో చేసిపెట్టినట్టు ఉంది అన్నారు. చేసిపెట్టినవాళ్ళు ఉన్నారు కాబట్టే అలా ఉంది. అది ఆడవాళ్ళ రేవు అయ్యుంటుంది. రోజూ పాదాలు పడి పడి చదునయిన చోటు.

ఘాటురోడ్డు (బొబ్బిలి)

నేను లారీవోడిని. విజయనగరం, జయపురం, బొరిగుమ్మ, ఈ 26 నంబరు హైవే మీద పద్దెనిమిదేళ్ళు. మాకు ప్రతి రాత్రీ అనుకోని చోటే. కానీ మేం నీళ్ళ పక్కన ఆపం. నాలుగు లారీలు, ఒక టీ బడ్డీ, ఒక లైటు ఉన్నకాడ ఆపుతాం. అందం సూసుకోం.

మీరంతా పెద్ద మాటలు మాట్లాడీసేరు, నేను బండి లోపలి సంగతి సెప్తాను. ఈ కొండల మీద తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, మార్గశిరం, పుష్యం వచ్చీసేక చలి కొరికేస్తాది. సలికి తట్టుకోలేక బొగ్గుల కుంపటి బండి లోపల పెట్టి అద్దాలు బిగించీసుకుని పడుకుంటే పొద్దున్న లేవరు. ఆ గాలికి వాసనుండదు, దగ్గు కూడా రాదు, నిద్రలోనే అయిపోతాది. గ్యాసు సిలిండరుదీ అంతే జాగ్రత్త. వంటగ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే పైకిపోదు, కిందే పేరుకుంటాది. మంచం కింద సిలిండరు పెట్టినోళ్ళని సూశాను నేను. నేల మట్టానికి ఒక కన్నం ఉండాలి గాలి పోడానికి.

ఇంకోటి, సీట్లు పీకించి మంచాలు వేయించేరు కదా అన్నా, ఆర్సీలో రాయించుకున్నారా? మోటారు వాహనాల చట్టం 52 సెక్షను కింద బండి రూపం మార్చితే ఆర్టీఓ ఒప్పుకోవాలి. లేకపోతే రేపేదైనా జరిగితే ఇన్సూరెన్సోళ్ళు ఇదే పట్టుకుంటారు.

దోమతెర మర్చిపోవద్దు. మల్కన్‌గిరి, కొరాపుట్ మలేరియా మామూలు మలేరియా కాదు, మెదడుకి ఎక్కీ రకం ఎక్కువ. కుట్టిన రోజు ఏమీ తెలీదు. పది పదిహేను రోజులకి ఇంటికాడ జ్వరం వస్తాది. అప్పుడు డాక్టరుకి "కొరాపుట్‌లో పడుకున్నాను" అని నోరిప్పి సెప్పాలి. మా క్లీనరు కుర్రోడు సెప్పలేదు. అయిదో రోజుకి మనిషిని గుర్తుపట్టలేదు. బతికేడు, దేవుడి దయ.

మూడోమలుపు

మాస్టారూ, మీ మూడో మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మొదట రాసినప్పుడు ఒక సంగతి వదిలేశాను. ఇప్పుడు చెప్తాను.

తెల్లవారాక మంచు పల్చబడుతుంటే మా ఆవిడ బ్రష్షు, సబ్బు తీసుకుని కిందికి దిగింది. ఆ చదును జాగాలో నలుగురు ఆడవాళ్ళు బిందెలతో నిలబడి ఉన్నారట. మా బండి పైనే ఉంది, వాళ్ళకి అడ్డమేమీ కాదు. అయినా వాళ్ళు నీళ్ళలోకి దిగలేదు. పైన కొత్త మగమనుషులున్నారు కదా. మా ఆవిడ వెనక్కొచ్చి నాతో, అబ్బాయితో, "మీరిద్దరూ బండి ఎక్కి తలుపేసుకోండి, అరగంట బయటికి రావద్దు" అంది. ఎక్కాం. ఆ అరగంటలో లోపల కూర్చుని తడిసిపోయిన అద్దం తుడుచుకుంటూ వాళ్ళ నవ్వులు, బిందెల చప్పుడు విన్నాం. పెద్దాయన మమ్మల్ని పైకి లేపింది అందుకే అని నాకు అప్పుడైనా తట్టలేదు. మీరు చెప్పాక తెలిసింది. చెట్టు కింద ఉన్నా సరే వాళ్ళ పొద్దుటి పని ఆలస్యం చేశాం.

ఆర్సీ సంగతి, అన్నా, మార్చేముందే అర్జీ పెట్టుకుని రాయించాం. సిలిండరు మాత్రం మీరన్నట్టు మంచం కిందే ఉంది. రేపే వెల్డింగు షాపుకి తీసుకెళ్తాను.

అయినా మాస్టారూ, ఒక్కటి అడుగుతాను. వెళ్ళకపోతే నాకు ఇదంతా ఎలా తెలిసేది? పాంథనివాస్‌లో దిగి, ఉదయం టిఫిన్ తిని, వ్యూ పాయింట్ దగ్గర ఫోటో దిగి వచ్చేసేవాణ్ణి. ఆ నీళ్ళ కింద గట్లున్నాయన్న మాట నా చెవిన పడేదే కాదు. ముప్పై ఎనిమిదేళ్ళుగా జయపురంలో ఉన్నాను. ఆ ఊళ్ళ నుంచి మా కొట్టుకొచ్చి ఉప్పు, కిరసనాయిలు కొనుక్కెళ్ళిన వాళ్ళెందరో. ఒక్కరి ఇంటిముందూ నేను నిలబడలేదు, ఆ రాత్రి దాకా.

గంజాం_గాలి

ఇదే నేనూ అంటున్నది. మాస్టారు చెప్పినట్టు చూస్తే ఎవరూ ఎక్కడా ఆగకూడదు. అప్పుడు ఆ ఊళ్ళకి వచ్చే పదో పరకో కూడా రాదు. మేం వెళ్ళిన చోట కోళ్ళు కొంటాం, తేనె కొంటాం, వండిపెట్టమని డబ్బులిస్తాం. మహారాష్ట్ర 2021లోనే కారవాన్ టూరిజం పాలసీ పెట్టింది. కారవాన్ పార్కులు అని ఉంటే అక్కడే ఆగుతాం కదా. అవి లేకపోవడం మా తప్పా?

చోడిఅంబలి

నీ తప్పు కాదు బాబూ. కానీ మూడు బళ్ళు అన్నావు. బండికి అయిదుగురు చొప్పున పదిహేను మంది. నలభై గడపల ఊరి రేవులో పదిహేను మంది సబ్బులు, షాంపూలు, పళ్ళు తోముకున్న నురగ. ఆ నీళ్ళే వాళ్ళు తాగేవి. ఒక కుటుంబం వచ్చి అమ్మ చేత అడిగించి ఆగడం వేరు, పిన్ పట్టుకుని బళ్ళు బారులు తీరడం వేరు. పిన్ పెట్టనన్నారే మూడోమలుపు గారు, ఆయన రాసినదంతటిలో నాకు నచ్చింది అదే. కోళ్ళు, తేనె సంతలో కొను. ఒనకఢిల్లీలో గురువారం సంత ఉంది. వాళ్ళు అమ్మడానికే తెచ్చి, వాళ్ళు చెప్పిన ధరకి అమ్ముతారు. ఇంటి ముందుకెళ్ళి అడిగితే పెంచుకుంటున్న కోడిని కూడా కాదనలేక ఇచ్చేస్తారు.

సాలూరు_ఆడపడుచు

డబ్బుల సంగతి ఎవరైనా సూటిగా చెప్పండి. మూడోమలుపు గారూ, ఆయనకి ఏమైనా ఇచ్చారా?

మూడోమలుపు

రెండు వందలు ఇవ్వబోయాను. తీసుకోలేదు. అమ్మ పిల్లల కోసం తెచ్చిన అరిసెలు పొట్లం కట్టి ఇస్తే తీసుకున్నాడు. నాకయితే ఇప్పటికీ వెలితిగానే ఉంది.

చోడిఅంబలి

అరిసెలే సరి. డబ్బు ఒకసారి మొదలైతే తర్వాత వచ్చేవాడి దగ్గర కుర్రాళ్ళు అడ్డం నిలబడి వసూలు చేస్తారు. నేను చూశాను, ఒక జలపాతం దగ్గర.

సాలూరు_ఆడపడుచు

ఇక్కడ మీతో ఏకీభవించలేను మాస్టారూ. రాత్రంతా వాళ్ళ చెట్టు కింద ఉండి, వాళ్ళ పొద్దుటి పని ఆపి, అరిసెలిచ్చి వచ్చేస్తే సరిపోతుందా? లాడ్జికి వెయ్యి రూపాయలు కడతాం కదా. కుర్రాళ్ళు వసూలు చేస్తే చెయ్యనివ్వండి, అది వాళ్ళ ఊరు. వాళ్ళు డబ్బు మొహం చూడకుండా అమాయకంగా ఉండాలని మనం కోరుకోవడమే నాకు బాధగా ఉంటుంది. మా నాన్న సాలూరు సంతలో అడ్డాకుల కట్టలు కొనేవారు. తెచ్చిన ఆడవాళ్ళకి లెక్క బాగా తెలుసు, మోసపోతున్నది కూడా తెలుసు.

చోడిఅంబలి

అమ్మా, మీరన్నదాంట్లో నిజముంది. నా దగ్గర దీనికి వెంటనే జవాబు లేదు.

ఘాటురోడ్డు

ఫారెస్టు సంగతి ఎవరూ ఎత్తలేదు. రోడ్డు పక్కనున్నదల్లా ఊరిది కాదు. రిజర్వు ఫారెస్టులో రాత్రి ఆగి మంట పెడితే అది కేసే. బోర్డు లేదు కదా అంటే ఒప్పుకోరు. రాయగడ, పర్లాకిమిడి వైపయితే ఏనుగులు కూడా తిరుగుతున్నాయి, అటువైపు నేను లారీ కూడా ఆపను.

మూడోమలుపు

మళ్ళీ రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. మొన్న గురువారం కొట్టు మూసి ఒనకఢిల్లీ సంతకి వెళ్ళాం, మాస్టారి మాట మీదే. తిరిగొస్తూ నందపురం దాటాక ఆ మట్టిదారి దగ్గర ఆగాం. ఆ రోజు అమ్మ, పెద్దాయన పక్కపక్కన నిలబడ్డ ఫోటో ఒకటి కడిగించి తెచ్చాను, ఇద్దామని. ఈసారి బండి పైనే రోడ్డు పక్కన పెట్టి నడిచి దిగాం.

మామిడి చెట్టు కింద నేల మారిపోయింది. పేడతో అలికి, మధ్యలో గుంజ పాతి, కళ్ళం వేశారు. వరి కుప్పలు రెండు. ఎడ్లు తిరుగుతున్నాయి. పెద్దాయన గుర్తుపట్టాడు. ఫోటో చేతిలోకి తీసుకుని ముందు అమ్మని చూశాడు, తర్వాత తనని. ఇంట్లోకి తీసుకెళ్ళి వాసానికి గుచ్చాడు. మా ఆవిడే అమ్మ చేత అడిగించింది, ఈ రాత్రి ఉండొచ్చా అని. తను అడుగుతుందని నేననుకోలేదు. ఆయన కళ్ళం వైపు చూపించి, ఇప్పుడు చోటు లేదు, నూర్పులయ్యాక రండి అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ వద్దనే అన్నాడు. మాస్టారూ, వాళ్ళు కాదనరు అన్నారు మీరు. మాకు కాదన్నాడు, ఎందుకో నాకు అది ఎంతో బాగా అనిపించింది. సాలూరు అమ్మగారి మాట పట్టుకుని, వచ్చినప్పుడు రాత్రికి ఇంత ఇస్తాం అని కూడా అమ్మ చెప్పింది. ఆయన వెంటనే ఏమీ అనలేదు. పక్కనున్న కోడలు మాత్రం "ఎంత?" అని అడిగింది. అయిదు వందలు అన్నాం. ఆలోచించి చెప్తాం అంది.

నాలుగున్నరకి బయల్దేరి ఎనిమిదిలోగా ఇల్లు చేరాం.

ఫాల్గుణంలో వెళ్దామనుకుంటున్నాం, వాళ్ళు రమ్మంటేనే. ఏటిగట్టు గారూ, అప్పటికి నీళ్ళు బాగా దిగుతాయి కదా. చెట్టుకీ నీళ్ళకీ మధ్య బయటపడే ఆ నేల మా బండి బరువు ఆపుతుందా?

ఏటిగట్టు

ఆపదు. బండి చెట్టు దగ్గరే ఉంచండి, నీళ్ళ దాకా నడిచి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు చేతికర్ర ఒకటి పట్టుకుని ముందు నేల పొడిచి చూసుకుంటూ వెళ్ళండి, పిల్లల్ని వెనక నడవమనండి.